ప్రేమిస్తే దిగులు తగ్గుతుందా?

పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లైతేగానీ పిచ్చి కుదరదు. ఈ సామెత చెప్పుకుని నవ్వే ఇళ్లలోనే, పిల్లాడు వారాల తరబడి గది దాటి రాకపోయినా, పిల్ల కంచం ముందు కూర్చుని ఊరికే ఏడుస్తున్నా, "ఒక ముడి వేసేస్తే అంతా సర్దుకుంటుంది" అని తేల్చేసే పెద్దలుంటారు. పక్కగదిలో ఆ పిల్లే దుప్పటి ముసుగులో, ఫోన్ వెలుగులో ఇంగ్లిషు నవల చదువుతూ ఉంటుంది. ఆ నవలలోని అమ్మాయికి నిద్ర పట్టదు. ఏ పనీ చేయబుద్ధి కాదు. బతుకు మీద ఆశ సన్నగిల్లుతూ ఉంటుంది. అప్పుడో అబ్బాయి వస్తాడు.

అతను రాగానే దిగులు ఎగిరిపోయిందా, ఆ రచయిత మన పెద్దవాళ్ల మాటనే ఇంగ్లిషులో చెప్పినట్టు. అతను వచ్చినా, చెయ్యి పట్టుకున్నా, ముద్దు పెట్టుకున్నా దిగులు మాత్రం కదలకపోతే, ఆ నవలను కాస్త నెమ్మదిగా చదవాలి. కౌమార ప్రేమకథలూ మానసిక అనారోగ్యమూ పెనవేసుకున్న నవలలు ఇప్పుడు కుప్పలుగా వస్తున్నాయి. వాటిలో మంచిచెడ్డలు తేల్చడానికి నాకు ఇంతకన్నా పనికొచ్చే కొలత దొరకలేదు.

ఇవి మన ఊళ్లకు చేరిన తీరు కూడా చిత్రమే. 2020 లాక్‌డౌన్‌లో అమెరికా, బ్రిటన్ పిల్లలు నవల చివరి పేజీ చదివి వెక్కివెక్కి ఏడుస్తూ టిక్‌టాక్‌లో వీడియోలు పెట్టారు. దానికి బుక్‌టాక్ అని పేరు పడింది. ఆ జూన్ నెలలోనే మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. ఏడుపు మాత్రం ఆగలేదు, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ దారిన వచ్చేసింది. ఇవాళ కోఠీ పేవ్‌మెంట్ల మీద, ఆదివారాలు అబిడ్స్‌లో పరిచే పుస్తకాల్లో కాలీన్ హూవర్, జాన్ గ్రీన్ నవలలు అసలువీ నకిలీవీ కలిసే దొరుకుతాయి. బాగా ఏడిపించే పుస్తకం కావాలని అడిగి మరీ కొనుక్కుంటున్నారు పిల్లలు. నడివయసువాళ్లకు ఇది విడ్డూరం. వారపత్రికలో సీరియల్ చదివి కళ్లొత్తుకుని, మళ్లీ వారం కోసం ఎదురుచూసిన అమ్మమ్మలకు ఇందులో వింతేమీ కనిపించదు.

దేవదాసు నుంచి అర్జున్ రెడ్డి దాకా

శరత్‌బాబు ‘దేవదాసు’ బెంగాలీలో 1917లో అచ్చయింది. చక్రపాణి లాంటివాళ్ల అనువాదాలతో శరత్ తెలుగింటి రచయితే అయిపోయాడు. 1953లో నాగేశ్వరరావు, సావిత్రి నటించిన సినిమాతో దేవదాసు కూడా మనవాడైపోయాడు. ఇవాళ్టి డాక్టరు చూస్తే అతనిది మద్యానికి బానిసై, కుంగుబాటులో కూరుకుపోయిన యువకుడి కేసు. మనం మాత్రం ప్రేమ ఎంత గొప్పదో చెప్పే కథగానే దాన్ని గుండెకు హత్తుకున్నాం. ప్రేమించిన పార్వతినిచ్చి పెళ్లి చేసి ఉంటే అతను చుక్క ముట్టేవాడే కాదని నమ్మాం.

సరిగ్గా నూరేళ్లకు, 2017లో ‘అర్జున్ రెడ్డి’ వచ్చింది. ఈసారి హీరో స్వయానా సర్జన్. చుట్టూ ఉన్న స్నేహితులూ వైద్యవిద్య చదివినవాళ్లే. అయినా తాగుడుకీ మత్తుకీ కోపానికీ కథ ఏ వైద్యమూ చూపించదు, సుఖాంతమంతా ప్రేమించిన ప్రీతి తిరిగి రావడంలోనే ఉంటుంది. ఆమె వచ్చింది, కథ సుఖాంతమైంది. థియేటర్లో ఈలలు పడ్డాయి.

ఈ నమ్మకానికి ఎదురు చెప్పిన సినిమా మన దగ్గర ఎప్పుడో వచ్చింది. బెంగాలీ ‘దీప్ జ్వేలే జాయ్’ ఆధారంగా 1960లో తీసిన ‘చివరకు మిగిలేది’ అది. బుచ్చిబాబు నవలకూ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. మానసిక చికిత్సాలయంలో నర్సుగా సావిత్రి నటించింది. రోగిని ప్రేమిస్తున్నట్టు నటించి అతన్ని మామూలు మనిషిని చేయడం ఆమె డ్యూటీ. రోగి కోలుకుని వెళ్లిపోతాడు. నటన దాటి నిజంగానే ప్రేమించిన నర్సు అదే ఆసుపత్రిలో రోగిగా మిగులుతుంది. ప్రేమను మందుగా వాడితే దాని ఖరీదు కట్టేది ఆడపిల్లేనని అంత సూటిగా చెప్పిన సినిమా ఆ తర్వాత మనకు మళ్లీ వచ్చిందా అంటే నాకు గుర్తు రావడం లేదు.

ఏజా వేలికి బ్యాండేజీ

జాన్ గ్రీన్ పేరు చెప్పగానే అందరూ 2012 నాటి ‘ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ గురించే మాట్లాడతారు. క్యాన్సర్ వచ్చిన ఇద్దరు పిల్లల ప్రేమ, కావలసినన్ని కన్నీళ్లు. అతను రాసినవాటిలో నాకు పైచేయిగా తోచేది 2017లో వచ్చిన ‘టర్టిల్స్ ఆల్ ద వే డౌన్’. అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఏజా హోమ్స్ అనే పదహారేళ్ల అమ్మాయికి ఓసీడీ ఉంటుంది. సినిమాల్లో చూపించినట్టు పుస్తకాలు వరసగా సర్దుకోవడం, గచ్చు పదేపదే తుడవడం కాదు. ఒంట్లోకి సూక్ష్మక్రిములు చేరి తనను చంపేస్తాయన్న ఆలోచన సుడి తిరుగుతూ ఆమెను లోపలికి లాగేస్తూ ఉంటుంది. గోటితో వేలికొస గిల్లుకుంటుంది, పుండు చేసుకుంటుంది, బ్యాండేజీ మారుస్తుంది, మళ్లీ విప్పి చూసుకుంటుంది.

డేవిస్ అనే కుర్రాడు మంచివాడు, డబ్బున్నవాడు, కవిత్వం ఇష్టపడేవాడు. మామూలు నవలలో అయితే ఇతను చాలు. ఇక్కడ ముద్దు పెట్టుకోగానే అతని నోటిలోని క్రిములు తన నోట్లోకి వచ్చాయన్న భయం ఏజాను వదలదు. అతను ఎంత ప్రేమించినా ఆ సుడి ఆగదు. ఆమెకు ఒక సైకియాట్రిస్టు ఉంటారు, డాక్టర్ కారెన్ సింగ్. మాత్రలుంటాయి, వాటిని వేసుకోకుండా దాటవేయడం ఉంటుంది. డెయిజీ అనే స్నేహితురాలు "నీతో ఉండటం ఎంత కష్టమో నీకు తెలుసా" అన్నట్టు ఒక రోజు కడిగేస్తుంది. నవల అయిపోయే సరికి కూడా ఏజాకు జబ్బు నయం కాదు. దాంతో బతకడం కొంత నేర్చుకుంటుంది. గ్రీన్ తనకే ఓసీడీ ఉందని బయటికి చెప్పుకున్న మనిషి కాబట్టి తేలిక ముగింపు రాయడానికి చేతులు రాలేదనుకుంటాను.

ఈ పుస్తకం నాకిచ్చింది మా అక్క కూతురు. అప్పుడు ఇంటర్ రెండో ఏడాది. "పిన్నీ, ఇది చదివాక నానమ్మతో పోట్లాడటం మానేశాను" అంది. వాళ్ల నానమ్మ గొళ్లెం ముట్టుకున్నా చెయ్యి కడుగుతారు, కడిగిన చెయ్యే మళ్లీ కడుగుతారు, తోమిన బిందె మళ్లీ తోమిస్తారు. మడి అని కొందరు, చాదస్తమని కొందరు. ఆవిడ లోపల ఏం జరుగుతోందో అంతకుముందు ఎవరూ అడిగిన పాపాన పోలేదు. "అన్నిసార్లు కడిగినా నీకు తృప్తి ఉండదు కదా నానమ్మా?" అని ఈ పిల్ల అడిగితే, ఆవిడ చాలాసేపు మాట్లాడారట.

ఆవిడకు ఓసీడీ ఉందో లేదో చెప్పడానికి మేమెవరం? నవల చదివి ఇంటిల్లిపాదికీ జబ్బుల పేర్లు పెట్టేయడం ఈ పుస్తకాలతో వచ్చిన కొత్త తలనొప్పి. పరీక్ష ముందు గుండె దడ వస్తే యాంగ్జయిటీ, నాన్న కేకలేస్తే టాక్సిక్, రెండు రోజులు మనసు బాగోకపోతే డిప్రెషన్. పేరు తెలియడం వేరు, రోగం తేల్చడం వేరు. రెండో పనికి డాక్టరు కావాలి. ఏజాకు కావలసింది కూడా డాక్టరేనని నవలే చెబుతోంది.

వెర్థర్ కోటు

పుస్తకం చదివి పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకుంటారన్న భయం పాతదే. గోథే 1774లో ‘వెర్థర్’ రాశాడు. ప్రేమించిన అమ్మాయి దక్కక ప్రాణం తీసుకున్న యువకుడి కథ. జర్మనీ కుర్రాళ్లు వెర్థర్ వేసుకున్న నీలం కోటు, పసుపు వెయిస్ట్‌కోటు కుట్టించుకుని తిరిగారు. లైప్‌జిగ్ నగరంలో మరుసటి ఏడాది పుస్తకాన్నీ ఆ వేషాన్నీ కూడా నిషేధించారు. ఆత్మహత్యల వార్తలు పతాక శీర్షికలకెక్కితే అలాంటి మరణాలు పెరుగుతున్నాయని 1974లో అమెరికా సామాజికవేత్త డేవిడ్ ఫిలిప్స్ లెక్కలతో చూపి, ఆ ధోరణికి వెర్థర్ పేరే పెట్టాడు.

జే ఆషర్ 2007లో రాసిన ‘థర్టీన్ రీజన్స్ వై’ మీద గొడవంతా ఈ చోటే. హానా అనే అమ్మాయి చనిపోయే ముందు క్యాసెట్లలో తన గొంతు రికార్డు చేసి, అందుకు కారకులైనవాళ్లకు అందేలా చేస్తుంది. 2017 మార్చి ఆఖరున నెట్‌ఫ్లిక్స్‌లో సీరీస్ వచ్చింది. ఆ ఏప్రిల్‌లో అమెరికాలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లల ఆత్మహత్యలు అంచనాకన్నా దాదాపు 29 శాతం ఎక్కువ నమోదయ్యాయని 2019లో ఒక అధ్యయనం వచ్చింది. సీరీసే కారణమని తాము తేల్చడం లేదని ఆ పరిశోధకులే చెప్పారు. ఆ లెక్క కట్టిన పద్ధతిని తప్పుపట్టిన వాళ్లూ ఉన్నారు. ఏమైతేనేం, ఆ ఏడాది జులైలో నెట్‌ఫ్లిక్స్ మరణ దృశ్యాన్ని తీసేసింది.

మరణాన్ని చూపించడం ఒక్కటే ఆ కథ తప్పయితే కత్తిరింపుతో సరిపోయేది. నన్ను ఇబ్బంది పెట్టింది దాని కట్టుబడి. చనిపోయాక ఆ అమ్మాయి మాట అందరూ వింటారు, అందరూ పశ్చాత్తాపపడతారు, చావు ఒక గెలుపులా తోస్తుంది. ఆమె సాయం కోసం వెళ్లిన ఒకే ఒక్క పెద్దమనిషి, స్కూలు కౌన్సెలర్, చేతకానివాడు. ఇక క్లే అనే అబ్బాయి తన ప్రేమ ముందే చెప్పి ఉంటే ఆమె బతికేదేమోనన్న బాధ పుస్తకమంతా పరుచుకుని ఉంటుంది. మళ్లీ అదే మాట. చదివే పదహారేళ్ల పిల్లకు దీనిలోంచి ముట్టేదేమిటి? అడిగినా ఎవరూ ఆదుకోరు, ఒక అబ్బాయి ప్రేమిస్తే తప్ప.

దీనికి తిరగేసిన మాట కూడా పరిశోధనల్లో ఉంది. కుంగిపోయిన మనిషి ఆ గండం దాటిన కథలు చదివితే, వింటే కొందరికి మేలు జరుగుతోందని 2010లో ఆస్ట్రియా పరిశోధకులు రాశారు. మోజార్ట్ సంగీత నాటకంలో చావబోయి, ముగ్గురు పిల్లలు వేరే దారి గుర్తు చేస్తే ఆగిపోయిన పాపగేనో పేరు దానికి పెట్టారు. నవలలో దుఃఖం ఉండకూడదని కాదు. దుఃఖానికి తలుపు ఎటువైపు ఉందో రచయితకు తెలిసి ఉండాలి.

పూల దుకాణం లిల్లీ

కాలీన్ హూవర్ టెక్సాస్‌లో సోషల్ వర్కర్‌గా పనిచేస్తూ 2012లో తొలి నవల సొంతంగా అచ్చు వేసుకుంది. 2016లో ‘ఇట్ ఎండ్స్ విత్ అజ్’ రాసింది. వచ్చినప్పటికన్నా ఐదారేళ్లకు రీల్స్ పుణ్యమా అని విరగబడి అమ్ముడుపోయింది. ఒక సంగతి ముందే చెప్పాలి. ఇది పిల్లల నవల కాదు, పెద్దవాళ్ల కోసం రాసింది. పడకగది సన్నివేశాలు దాపరికం లేకుండా ఉంటాయి, గృహహింస ఉంటుంది. అట్ట మీద పూలు చూసి ఎనిమిదో తరగతి పిల్లలకు కొనిపెడుతున్న తల్లిదండ్రులు కనీసం వెనక అట్టయినా చదవాలి.

బోస్టన్‌లో పూల దుకాణం పెట్టుకున్న లిల్లీ, రైల్ అనే న్యూరోసర్జన్‌ను పెళ్లి చేసుకుంటుంది. అతను చెయ్యి చేసుకుంటాడు. చిన్నప్పుడు తన చేతుల వల్లే పొరపాటున అన్న చనిపోయిన గాయం అతనిలో ఉందని తర్వాత తెలుస్తుంది. ఇక్కడే పాఠకులు రెండుగా చీలారు. పాపం, అతని మనసుకు దెబ్బ తగిలింది కాబట్టి కొట్టాడని కొందరు. మనసుకు దెబ్బ తగిలినవాళ్లంతా భార్యను కొడతారా అని ఇంకొందరు. నేను రెండో గుంపు. మానసిక రోగులు ప్రమాదకరమైనవాళ్లన్న అపోహకు ఇలాంటి కల్పనలు నీళ్లు పోస్తాయి. అయితే హూవర్ చివరిదాకా ఆ సాకును సాగనివ్వలేదు. అతని గాయం తెలిసీ, అతన్ని ప్రేమిస్తూనే, చంటిపిల్లను ఎత్తుకుని లిల్లీ ఆ కాపురం వదులుకుంటుంది. తల్లి అనుభవమే ఈ నవలకు మూలమని హూవర్ పుస్తకం చివర రాసుకుంది.

అంత బరువైన కథను అమ్మిన తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2023లో దీని మీద రంగులు వేసుకునే పుస్తకం తెస్తామని ప్రచురణకర్తలు ప్రకటించి, పాఠకులు దుమ్మెత్తిపోశాక విరమించుకున్నారు. 2024లో సినిమాకు స్నేహితురాళ్లతో కలిసి పూల బట్టలు వేసుకుని రమ్మని ప్రచారం చేశారు. దానికీ చీవాట్లు పడ్డాయి.

హూవర్ కన్నా హెలెన్ హువాంగ్‌కు మన పిల్లల్లో పేరు తక్కువ. వియత్నాం మూలాలున్న ఈ అమెరికన్ రచయిత్రి తనకు ఆటిజం ఉందని పెద్దయ్యాక తెలుసుకుంది. 2021 నాటి ‘ద హార్ట్ ప్రిన్సిపల్’లో ఆనా వయొలిన్ వాయిస్తుంది. వాయించిన ముక్కే తప్పని మళ్లీ మొదటికొస్తుంది, ముందుకు సాగలేదు. తండ్రి పక్షవాతంతో మంచాన పడతాడు, సేవ చేయడం ఆమె మెడకు చుట్టుకుంటుంది. తనకు ఆటిజమని చెబితే అక్క కొట్టిపారేస్తుంది. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెంచిన ఇల్లు. చైనా మూలాలున్న ఆనా కుటుంబం గుంటూరులో ఉన్నా పెద్ద తేడా కనిపించదు. ప్రేమించిన క్వాన్ పక్కనే ఉన్నా ఆనా కుప్పకూలుతుంది. కోలుకోవడానికి నెలలు పడుతుంది. అతను చేసేది తోడుండటం. నయం చేయడం అతని పని కాదని అతనికీ తెలుసు, రచయిత్రికీ తెలుసు.

అర్ధరాత్రి ఫోన్

నెడ్ విజ్జినీ 2006లో రాసిన ‘ఇట్స్ కైండ్ ఆఫ్ ఎ ఫన్నీ స్టోరీ’లో పదిహేనేళ్ల క్రెయిగ్, ఎంతో కష్టపడి పేరున్న హైస్కూల్లో సీటు కొట్టి, ఆ చదువు ఒత్తిడికే చితికిపోతాడు. కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లున్న రాష్ట్రాలకు ఈ కథ విప్పి చెప్పక్కర్లేదు. ఒక రాత్రి ఇక తన వల్ల కాదనిపించి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తాడు. వాళ్ల మాట విని తనంతట తానే ఆసుపత్రికి నడిచి వెళ్లి చేరతాడు. ఐదు రోజులు సైకియాట్రిక్ వార్డులో ఉంటాడు. అక్కడే ఒక అమ్మాయి పరిచయమవుతుంది. గమనించండి, ముందు ఆసుపత్రి, తర్వాత అమ్మాయి. విజ్జినీ స్వయంగా అలాంటి వార్డులో ఉండి వచ్చి రాసిన నవల ఇది. 2013లో అతను ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ పుస్తకం చదివి ఫోన్ తీసినవాళ్ల మేలు దానితో చెరిగిపోదు. మంచి నవల రాయగలగడం కూడా జబ్బుకు మందు కాదని మాత్రం తెలుస్తుంది.

క్రెయిగ్ చేసిన ఫోన్ ఇక్కడా చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం ఆ ఒక్క ఏడాదే దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. అందకపోవడానికి డాక్టర్ల కొరత ఒక కారణం. మానసిక వైద్యశాలలున్న హైదరాబాద్ ఎర్రగడ్డ పేరు, విశాఖ వాల్తేరు పేరు తిట్టుగా వాడుకునే మన నోరు ఇంకో కారణం. తిట్టుగా మారిన చోటికి పిల్లను తీసుకెళ్లడానికి ఏ తండ్రికి కాళ్లు వస్తాయి?

బ్రిటన్‌లో 2013 నుంచి ‘రీడింగ్ వెల్’ పేరుతో డాక్టర్లు, కౌన్సెలర్లు పుస్తకాలు సూచిస్తే ఊరి లైబ్రరీలో ఉచితంగా ఇచ్చే ఏర్పాటుంది. 2016లో 13 నుంచి 18 ఏళ్లవారికి విడిగా జాబితా తయారు చేసి, అందులో నవలలకూ చోటిచ్చారు. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మనమూ కడుతున్నాం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి చూడండి, గ్రూప్స్‌కు చదివేవాళ్లతో మెట్లు కూడా ఖాళీ ఉండవు. ఆ కుర్రాళ్లకన్నా ఇలాంటి నవల అవసరమైనవాళ్లు ఎవరు?

మన అరలో ఖాళీ

తెలుగు నవలకు మనసు లోతులు తెలియవనలేం. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ 1940ల నాటివి. 1969లో వచ్చిన నవీన్ ‘అంపశయ్య’ ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి ఒక రోజంతా పడ్డ ఆరాటం: పేదరికం, పరీక్షలు, ఆడగాలి కోసం తపన, అకారణ భయం. ఇవాళ అమెరికాలో అచ్చయితే పుస్తకాల షాపువాడు దాన్ని కౌమారుల అరలోనే పెడతాడు. చిక్కేమిటంటే వీటిలో మనసున్నవాళ్లంతా మగవాళ్లే. ఆడపిల్ల మనసుకు పేజీలిచ్చింది యద్దనపూడి సులోచనారాణి తరం రచయిత్రులు. వాళ్ల నాయిక ఎంత కుమిలినా అపార్థం తొలగి, రాజశేఖరం లాంటి కథానాయకుడు దక్కితే కథ సుఖాంతం. ఆ నవలలను ఎద్దేవా చేసే విమర్శకులతో నేను కలవను. ఆడపిల్ల ఆత్మాభిమానాన్ని ఇంటింటికీ చేర్చింది వాళ్లే. కాకపోతే ఆ నాయిక కుములుబాటు జబ్బు కూడా కావచ్చని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

వారపత్రికల సీరియళ్లు తగ్గాక ఆ పాఠకురాళ్ల మనవరాళ్లకు తెలుగులో ఏమీ మిగల్లేదు. అందుకే నిజాంపేట హాస్టల్లో ఉన్న పిల్ల తన గుండె దడను ఇండియానాపొలిస్ అమ్మాయి మాటల్లో చెప్పుకోవాల్సి వస్తోంది. అమ్మకు చెప్పాలంటే ఆ మాటలు పనికిరావు. అమ్మకు ఇంగ్లిషు రాకపోవడం వల్ల కాదు. ఏజా ఇంట్లో సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడం పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినంత మామూలు. మన ఇంట్లో దానికి ముందు దిష్టి తీయడం, తాయెత్తు, మేనత్త సలహా, "ఎవరితోనూ అనకు, రేపు సంబంధాలు రావు" అనే మాట, ఇన్ని మెట్లున్నాయి. ఆ మెట్లన్నీ ఎక్కే నవల తెలుగులోనే రావాలి.

రాయబోయేవాళ్లకు నాదో కోరిక. ఇంటర్ పిల్లనే నాయికను చేయండి. వీక్లీ టెస్టులో ర్యాంకు పడిపోనివ్వండి. తండ్రి ఆర్టీసీ బస్సులో పక్కన కూర్చుని, ఊళ్లోవాళ్లు ఎవరైనా కనిపిస్తే ఏం చెప్పాలో లోలోపల వల్లె వేసుకుంటూ ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. మొదటి మాత్రలు పడక నిద్ర ముంచుకొచ్చి, వాటిని మార్చాల్సి రావాలి. ప్రేమకథ కూడా ఉండనివ్వండి, లేకపోతే ఎవరు చదువుతారు? ఆ అబ్బాయి మాత్రం ఆమెను బాగుచేయడానికి పూనుకోకూడదు. ఓపీ చీటీ కోసం ఆమె బదులు లైన్లో నిలబడితే సరిపోతుంది.